మూడుసార్లు పిలిచిన పేరు

మీ ఫోన్లో రెస్టోర్ అని ఒక మీట ఉంటుంది. పొరపాటున ఫోటో చెరిపేస్తే అది నొక్కుతారు, ఫోటో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నొక్కిన వేలికి నొప్పి ఉండదు, మనసుకు ఫికరు ఉండదు. అందుకే ఆ మాట మీకు చాలా తేలిక. నాకు మాత్రం అది వింటే ఇప్పటికీ నోరెండిపోతుంది. నేను బాన్సువాడ కోర్టులో అటెండరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఆ మాట కోసం ఒక ముసలామె బోనులో నిలబడడం చూశాను. ఆమెతో పాటు నేనూ జవాబు చెప్పాల్సి వచ్చింది.

నా పని పేర్లు పిలవడం. జడ్జి గారి ముందున్న ఫైలులోని పేరును వరండాలోకి వచ్చి గట్టిగా మూడుసార్లు పిలవాలి. అంతే కదా అనుకోకండి. మార్కెట్ కమిటీ లారీల మోత, టీ గ్లాసుల చప్పుడు, వరండాలో బావాబామ్మర్దుల తిట్లు, వీటన్నిటినీ దాటి పేరు గేటు దాకా చేరాలి. నా గొంతు చేరేది. కొత్తగా వచ్చిన పిల్లలు మైకు పెట్టిద్దాం అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. బతుకంతా పేర్లు పిలిచి జీతం తీసుకున్న నేను ఇక్కడ ఒక్కరి పేరు కూడా చెప్పను. వాళ్లంతా ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు, నేనూ ఆ బస్టాండులోనే దిగాలి.

పిలిచినప్పుడు ఎదుటి పక్షం వచ్చి, దావా వేసిన మనిషే రాకపోతే, దావాను కొట్టేస్తారు. అప్పుడు ముప్పై రోజుల్లో ఒక పిటిషన్ పెట్టుకోవాలి. రాకపోవడానికి సరైన కారణం ఉంది, నా దావాను మళ్లీ ఫైలు మీదికి తీసుకోండి అని. దాన్నే మా దగ్గర రెస్టోరేషన్ పిటిషన్ అంటారు. జడ్జి ఒప్పుకుంటే దావా ఎక్కడ పడిపోయిందో అక్కడినుంచి లేచి నడుస్తుంది. భూమి ఇచ్చినట్టు కాదు, గెలిచినట్టూ కాదు. క్యూలో పోయిన చోటు తిరిగి దొరికినట్టు. ఒప్పుకోకపోతే అదే గొడవ మీద మళ్లీ దావా వేయడానికి వీల్లేదు. అక్కడితో ఆ తలుపు మూసుకున్నట్టే.

ఆ మాట పుట్టుక నాకు చెప్పింది ఒక వకీలు గుమాస్తా. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, చంకలో ఎప్పుడూ ఫైళ్లు. మేమిద్దరం కోర్టు ముందు హోటల్లో టీ తాగేవాళ్లం. ఒకరోజు నేనే అడిగాను, ఏందన్నా ఈ రెస్టోరేషన్, నోరు తిరగని మాట, అని.

"లాటిన్ మాట తమ్మీ. పడిపోయినదాన్ని మళ్ల నిలబెట్టుడు, పాడైనదాన్ని బాగుచేసుడు. ఫ్రెంచోళ్లు తీస్కపోయిండ్రు, ఆళ్లకాడికెల్లి ఇంగ్లీషోళ్లు తెచ్చుకున్నరు, కోర్టుతోని మనకొచ్చింది. నువ్వు నిజామాబాద్‌ పోతే రెస్టారెంట్ల తింటవు సూడు, గది గూడ దీని సుట్టమే. నీరసపడ్డోణ్ణి నిలబెట్టే సూపుకు ఫ్రెంచోళ్లు పెట్టిన పేరు."

"అట్లయితే నువ్వు పెద్ద వంటోనివి అన్నా" అన్నాను. ఎందుకంటే మా కోర్టులో రెస్టోరేషన్ పిటిషన్లు సగం ఆయన చేతివే. అన్నిటిలోనూ ఒకటే కారణం, జ్వరం. దావా వేసిన పార్టీ పెండ్లికి పోయినా, బస్సు తప్పినా, అలిగి ఇంట్లో కూర్చున్నా, ఆయన కాగితంలో మాత్రం జ్వరమొచ్చి మంచం పట్టినట్టే ఉండేది. వెనకాల ఒక డాక్టరు సర్టిఫికెట్. ఎండాకాలంలో అయితే కామెర్లు. ఆయన రాసినవన్నీ నిజమైతే బాన్సువాడ ఎప్పుడో ఖాళీ అయ్యేది. ఎందుకన్నా అంటే, "నిజం రాస్తే వంద ప్రశ్నలొస్తయ్. జ్వరానికి ప్రశ్నలుండయ్" అనేవాడు. చాలా ఏళ్లు ఆయన మాటే నెగ్గింది.

ఇక అసలు సంగతి. బిచ్కుంద దగ్గరి ఒక ఊళ్లో పుట్టిన ముసలామె తన తమ్ముడి మీద దావా వేసింది. ఆమెను సరిహద్దు అవతల, మరాఠీ మాట్లాడే దెగ్లూరు దిక్కు ఇచ్చారు. పెండ్లప్పుడు తండ్రి ఆమెకు పసుపు కుంకుమ కింద కొంత పొలం రిజిస్టరు చేసి ఇచ్చాడు. తమ్ముడు దాన్ని సాగు చేస్తూ, ఏటా అక్కకు ధాన్యం పంపుతూ వచ్చాడు. తండ్రి పోయాక ధాన్యం ఆగింది. ఆమె భర్త కూడా పోయాక, పొలమే నాది అన్నాడు తమ్ముడు. ఆమెకు కొడుకుల్లేరు. అత్తింటి భూమిని మరుదులు పంచుకున్నారు. ఆ పొలం దక్కితేనే తన తిండి తను తిన్నట్టు, లేకపోతే ఒకరి వాకిట్లో గిన్నె పట్టుకోవాల్సిందే.

దావా పిలుపుకు వచ్చిన రోజు ఆమె వకీలు బోధన్ కోర్టులో ఇంకో కేసులో ఇరుక్కున్నాడు. నువ్వు పోయి కూర్చో, పిలిస్తే వచ్చిన అని చెప్పు, నేను వచ్చేస్తా అని ఆమెను ఒక్కదాన్నే పంపాడు. కోర్టు గడప తొక్కడం ఆమెకు అదే మొదటిసారి. పొద్దున నన్ను నీళ్ల కుండ ఎక్కడని అడిగింది. చూపించాను. తాగి, కిటికీ దగ్గర బల్ల మీద సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. వరండా నిండా అలాంటివాళ్లే, ఎవరు ఏ కేసుకు వచ్చారో నాకేం తెలుసు.

ఆ దావా వచ్చింది. తమ్ముడూ, అతని వకీలూ లోపల సిద్ధంగా ఉన్నారు. నేను వరండాలోకి వచ్చి ఆమె పేరు పిలిచాను. బల్ల మీది ఆమె తలెత్తి నా దిక్కు చూసింది. రెండోసారి పిలిచాను. ఆమె ముఖం మీద చిన్న నవ్వు వచ్చింది, తెలిసినవాళ్లెవరో పలకరించినట్టు. మూడోసారి పిలిచాను. ఆమె తల దించుకొని సంచి సర్దుకుంది. ఎవరూ రాలేదు సార్ అని లోపల చెప్పాను. దావా కొట్టేశారు. సాయంత్రం కోర్టు లేచాక ఆమె కూడా లేచి బస్సెక్కి వెళ్లిపోయింది, వాయిదా పడిందనుకొని.

సంగతి తెలిసి వకీలు తల పట్టుకున్నాడట. గుమాస్తా మాత్రం నింపాదిగా కంప్యూటర్ ముందు కూర్చొని మామూలు పిటిషన్ టైపు కొట్టాడు. జ్వరం, మంచం, సర్టిఫికెట్. కింద ఆమె చేత వేలిముద్ర వేయించాడు. ఏం రాసి ఉందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

విచారణ నాటికి పాత జడ్జి గారు బదిలీ అయి ఒక మేడమ్ వచ్చారు. ఖమ్మం దిక్కు ఆమె. ప్రతి కాగితం చదివేది. గుమాస్తాల గుండెల్లో రాయి పడ్డది ఆమె వచ్చిన రోజే.

తమ్ముడి వకీలు సీనియర్. ఆమెను బోనులోకి పిలిపించి మెత్తగా మొదలుపెట్టాడు.

"అవ్వా, ఆ దినం నీకు బాగ జ్వరమొచ్చిందట?"

"నాకేం జ్వరం బిడ్డా. మంచిగనే ఉంటి."

గుమాస్తా చేతిలోని ఫైలు జారి కింద పడింది. ఆమె వకీలు లేవబోయాడు, మేడమ్ చేయెత్తి కూర్చోమంది.

"మంచం మీద పండుకున్నవని కాగితంల రాసి ఉన్నది. వేలిముద్ర నీదే గద?"

"ఏలిముద్ర నాదే. ఏం రాసిండ్రో నాకు తెల్వది."

సీనియర్ వకీలు ముఖం వెలిగిపోయింది. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఇంకో మెట్టు ఎక్కాలనిపించిందేమో. "మరి ఆ దినం ఏడున్నవ్?" అన్నాడు.

"ఏడుంట, గీడనే ఉన్న. బయట కిటికీ కాడ బల్ల మీద. పొద్దుమూకేదాక కూసున్న."

"ఉంటే మరి పిలిస్తే ఎందుకు రాలే?"

"నన్ను ఎవ్వలు పిలువలే."

తలుపు దగ్గర నిలబడ్డ నా మీదికి అందరి చూపులూ తిరిగాయి. పిలవలేదా? గేటు అవతలి చాయ్‌వాలాకు కూడా నా పిలుపు వినబడిందే. కోపం గొంతు దాకా వచ్చింది, కానీ కోర్టులో అటెండరుకు తనంత తానుగా నోరు తెరిచే హక్కు లేదు. పిలవకుండానే రాలేదని చెప్పానని తేలితే నా ఉద్యోగం గంగలో కలిసినట్టే.

మేడమ్ నన్నే చూస్తూ అడిగింది. "ఆ రోజు డ్యూటీ మీదేనా? పిలిచారా?"

"పిలిచిన మేడమ్. మూడుసార్లు."

"ఈమె అక్కడ ఉందా?"

ఉంది అంటే, ఉండి కూడా రాలేదని ఆమె దావాకు నేనే గొయ్యి తవ్వినట్టు. లేదు అంటే అబద్ధం. బోనులో ఆమె నా దిక్కే చూస్తోంది, భయం లేకుండా, నీళ్ల కుండ ఎక్కడని అడిగినప్పటి చూపే.

"ఉన్నది మేడమ్. కిటికీ కాడ బల్ల మీద. నేను పిలుస్తుంటే నా దిక్కు సూసింది గూడ."

"ఇంకేం కావాలి మేడమ్?" అన్నాడు సీనియర్ వకీలు. "అఫిడవిట్ అబద్ధం. కోర్టులో ఉండి, పిలుపు విని కూడా రాలేదు. కొట్టేయండి."

మేడమ్ ఆమె వైపు తిరిగింది. "అమ్మా, ఆయన మూడుసార్లు పిలిచానంటున్నారు. మీకు వినబడలేదా?"

"ఇనబడ్డది బిడ్డా. మూడుసార్లు ఇన్న."

ఆమె వకీలు కళ్లు మూసుకున్నాడు. నాకైతే అయిపోయిందనే అనిపించింది. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"గా పేరు నాదే. మా అవ్వ, అయ్య పెట్టిన పేరు. గని పెండ్లయినంక గా పేరు పోయింది. అత్తగారింట్ల వేరే పేరు పెట్టిండ్రు. అప్పటిసంది ఊరంతా గదే పిలుస్తది, కార్డులల్ల గూడ గదే ఉన్నది. పాత పేరు పెట్టి పిలిచేది మా అయ్య ఒక్కడే ఉండె. ఆయన పోయిండు. ఆ దినం గీయన పిలుస్తుంటే, ఇంకెవ్వలదో నా పేరే ఉన్నట్టున్నది అనుకున్న. మా అయ్య యాదికొచ్చిండు. నన్నే అని నాకు తోచలే."

అప్పుడు నాకు ఆ నవ్వు గుర్తొచ్చింది. దస్తావేజులో తండ్రి కూతురి పాత పేరు రాయించాడు. వకీలు దస్తావేజు చూసి అదే దావాలో వేశాడు. రెండో పేరు ఒకటి ఉందని ఆమెను ఎవరూ అడగలేదు.

"కథలు మేడమ్," అన్నాడు సీనియర్ వకీలు. "జ్వరం కుదరలేదు కాబట్టి ఇది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఎవరైనా మర్చిపోతారా? పెండ్లయితే పేరు మారుతుందా?"

మాకు ఇటు ఇంటిపేరే మారుతుంది. సరిహద్దు అవతల కొన్ని ఇండ్లలో అసలు పేరే మారుస్తారు. మేడమ్‌ది ఖమ్మం, ఆమెకు ఈ ఆనవాయితీ తెలిసే వీలు లేదు. పెన్ను కింద పెట్టి, "అబద్ధం రాసిన అఫిడవిట్ నా ముందు ఉంది. దాన్ని పక్కన పెట్టి ఈమె మాట నమ్మాలంటే ఎవరైనా చెప్పాలి. ఈ పేరు మార్పు చూసినవాళ్లు మీ తరఫున ఎవరున్నారు?" అంది.

ఎవరూ లేరు. ఆమె సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది, అందులో కొత్త పేరు ఉంది గానీ రెండు పేర్లూ ఒకే మనిషివని లేదు. మరుదులు రారు, వస్తే వాళ్లు పంచుకున్న భూమి మాట పైకొస్తుంది. వాయిదా ఇస్తే ఊరినుంచి ఎవరినైనా తెస్తాం అన్నాడు ఆమె వకీలు. ఇవ్వొద్దని సీనియర్ వకీలు లేచాడు.

మేడమ్ మొదటి బల్ల మీద కూర్చున్న తమ్ముణ్ణి చూసింది. "మీ అక్క పెండ్లికి మీరు వెళ్లారా?"

సీనియర్ వకీలు గబగబా అడ్డం వచ్చాడు. "మేడమ్, రుజువు చేసుకోవాల్సింది వాళ్లు. నా క్లయింటు చెప్పాల్సిన అవసరం లేదు."

"నేను అడుగుతున్నాను. ఆయన్ను బోనులోకి రమ్మనండి."

నేను అతని పేరు పిలిచాను. ఒక్కసారే పిలిచాను, ఎదురుగానే ఉన్నాడు. అతను లేచి బోనెక్కాడు. తెల్ల ధోతి, భుజాన తువ్వాల, ఎండకు నల్లబడ్డ ముఖం. అక్క ఒక పక్కకు జరిగి బోను కమ్మీ పట్టుకొని నిలబడింది. ఇద్దరి మధ్య చేయి చాచితే అందేంత దూరం. ఒకరినొకరు చూసుకోలేదు.

తెలియదు అంటే చాలు. ఒక్క మాట. పొలం అతనిది, దావా మట్టిలో కలిసినట్టే. అబద్ధమని ఎవరూ రుజువు చేయలేరు. ప్రమాణం చేయించాను. చేశాడు.

"మీ అక్కను అత్తగారింట్లో ఏ పేరుతో పిలిచేవారు?"

అతను తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. తన వకీలు దిక్కు చూశాడు. వకీలు కళ్లతోనే వద్దన్నాడు. అతను ఒకసారి దగ్గాడు.

"నేను అక్క అంటా మేడమ్" అన్నాడు చివరికి.

"మీ సంగతి కాదు. వాళ్లింట్లో."

అతను తల వంచుకొని తన చేతుల్ని చూసుకున్నాడు.

"అక్క ఎంబడి తోడు నేనే పోయిన. అప్పుడు చిన్నగుంటి. ఆళ్లింట్ల తట్టల బియ్యం పోసిండ్రు. మా బావ ఉంగరంతోని బియ్యంల కొత్త పేరు రాసిండు. తట్ట నేనే పట్టుకున్న." ఆ పేరు చెప్పాడు. ఆమె కార్డులో ఉన్న పేరే. "అప్పటిసంది అదే పేరు. పాత పేరు మా అయ్య నోట్లెనే ఉండె."

సీనియర్ వకీలు ఫైలు మూసిన చప్పుడు హాలంతా వినబడింది. ఆమె అప్పుడు తమ్ముణ్ణి చూసింది. అతను చూడలేదు, బోను దిగి పోయి తన చోట కూర్చున్నాడు.

మేడమ్ ఆ రోజే ఆర్డరు చెప్పింది. వచ్చి కూర్చున్న మనిషిని, తనను పిలుస్తున్నారని తెలియక లేవని మనిషిని, గైర్హాజరు అనలేమని. దావా రెస్టోర్ అయింది. కాగితాల్లో రెండు పేర్లూ రాయమంది. ఆ తర్వాత ముసలామె వకీలుకూ గుమాస్తాకూ పెట్టిన చీవాట్లు నేను ఇక్కడ రాయలేను. గుమాస్తా వారం పాటు హోటల్‌కు రాలేదు. వచ్చాక టీ ఊదుకుంటూ, "నిజం రాస్తే గెలిచేటోళ్లం తమ్మీ. నాకు అడుగుదామన్న ఆలోచనే రాలే" అన్నాడు. అప్పటినుంచి పార్టీలను కూర్చోబెట్టి అడిగి రాయడం మొదలుపెట్టాడు. జ్వరాలు తగ్గాయి. పూర్తిగా పోయాయని మాత్రం చెప్పను.

ఆర్డరు వచ్చిన సాయంత్రమే తమ్ముడు గేటు దగ్గర బీడీ కాలుస్తూ కనబడ్డాడు. నేను ఊరుకోలేక అడిగాను, ఎందుకు చెప్పినవ్ అన్నా, తెల్వది అంటే అయిపోవు గద, అని.

అతనికి కోపమొచ్చింది. "భూమి నాది. కొట్లాడుత, హైకోర్టు దాకనన్న పోత. గది వేరే. తట్ట పట్టిన చెయ్యి గిదే గద, పట్టలే అని ఎట్లంట?" బీడీ విసిరేసి వెళ్లిపోయాడు. మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడగకండి. అక్క నోటికాడి ముద్ద లాక్కున్నదీ అతనే, ఆ రోజు నిజం చెప్పిందీ అతనే. కోర్టులో ఇన్నేళ్లు నిలబడి నేను నేర్చుకున్నది, మనుషుల్ని ఒక వాక్యంలో చెప్పడం కుదరదని.

దావా ఆ తర్వాత చాలా కాలం నడిచింది. తమ్ముడు అన్నట్టే గట్టిగా కొట్లాడాడు. చివరికి దస్తావేజు నిలబడింది, పొలం ఆమెకు వచ్చింది. కౌలుకు ఇచ్చుకొని బతుకుతోందని నేను రిటైరయ్యాక గుమాస్తానే చెప్పాడు. నేను సంతోషపడ్డాను. కానీ నా మనసులో ఉండిపోయింది తీర్పు రోజు కాదు, రెస్టోర్ అయిన తర్వాత వచ్చిన మొదటి పేషీ, మళ్లీ ఆమె పేరు పిలిచిన రోజు.

ఆ రోజు ఫైలు మీద రెండు పేర్లూ ఉన్నాయి, ముందు పాతది, తర్వాత కొత్తది. వరండాలోకి వచ్చాను. ఆమె అదే కిటికీ దగ్గర, అదే బల్ల మీద, సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. తమ్ముడు అవతలి స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకొని పాత పేరు పిలిచాను. కొత్త పేరు ఇంకా నా నోట్లోనే ఉంది, ఆమె లేచి నిలబడింది.

"వచ్చిన బిడ్డా" అంది.

సంచి చంకన పెట్టుకొని తలుపు దాకా వచ్చింది. లోపల మేడమ్ ఎదురుచూస్తోంది. రండమ్మా అని పక్కకు తప్పుకున్నాను. ఆమె లోపలికి పోలేదు. గడప దగ్గర ఆగి, చుట్టూ చూసి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"ఆ దినం మూడుసార్లు పిలిస్తివి గద. ఇయ్యాల ఒక్కసారే పిలిచినవ్."

వచ్చిన మనిషిని మళ్లీ పిలవకూడదు, అది పద్ధతి. నేను గేటు దిక్కు తిరిగి, ఎంత గట్టిగా పిలవగలనో అంత గట్టిగా, ఆ పాత పేరే ఇంకో రెండుసార్లు పిలిచాను.